పొందూరు పంచెకు ఎంత ఇవ్వాలి?

షావుకారు: శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు మంచి గుడ్డే మేస్టారూ, ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. నా పేచీ అంతా ధరతోనే. విజయనగరంలో నా కొట్లో మిల్లు నూలుతో నేసిన 100 కౌంటు పంచె ఉంది. నున్నగా ఉంటుంది, ఉతికితే బిగవదు, ఇస్త్రీ నిలబడుతుంది. అదే కౌంటులో పొందూరు పంచె కావాలంటే దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. జామ్దానీ అంచు పడిందంటే ఇంక చెప్పక్కర్లేదు. కౌంటంటే నూలు సన్నదనానికి కొలత. రెండింటి కొలతా ఒకటే అయినప్పుడు ధరలో అంత తేడా దేనికి?

మేస్టారు: కొలత ఒకటే కానీ పత్తి ఒకటి కాదు. మిల్లు 100 కౌంటు తియ్యాలంటే పొడుగు పింజ పత్తి కావాలి. ఈజిప్టు గీజా కావాలి, లేదా 1974లో కోయంబత్తూరు నుంచి వచ్చిన మన సువిన్ కావాలి. పొందూరులో వాడే కొండ పత్తి, పునాస పత్తి, ఎర్ర పత్తి పొట్టి పింజ దేశవాళీ రకాలు. వాటిని మిల్లుకి తోలితే వచ్చేది ముతక నూలే. ఆ పొట్టి పింజలోంచి 100 కౌంటు, ఒక్కోసారి 120 కూడా చేత్తో తీస్తున్నారు. మీ కొట్లో పంచె పక్కన పొందూరు పంచె పెట్టి కౌంటు ఒకటే అంటే, ఎక్కడిదాకా వచ్చారో చూసి, ఎక్కడ బయల్దేరారో చూడనట్టే.

షావుకారు: కొనేవాడికి బయల్దేరిన చోటుతో పనేటండీ? వాడి ఒంటి మీదకి వచ్చేది చివరి గుడ్డే కదా.

మేస్టారు: ఆ చివరి గుడ్డ ఎలా తయారవుతుందో ఒకసారి వినండి, ధర సంగతి తర్వాత చూద్దాం. పత్తి కాయలోంచి తీశాక గింజతోనే ఉంటుంది. దాన్ని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ ఎముకకున్న పళ్ళు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఇనప దువ్వెన ఏదీ వాటి పని చెయ్యలేదు. చెత్తా నుసీ పోయి, పోగులన్నీ ఒక వైపుకి సర్దుకుంటాయి. తర్వాత చిన్న చెక్క మీద వేసి సన్నటి ఇనప కడ్డీతో దొర్లిస్తే గింజ ఊడుతుంది. మిల్లు జిన్నింగు వేగంలో ఈ పొట్టి పింజ తెగిపోతుంది కాబట్టి ఇది చేత్తోనే జరగాలి. ఆ దూదిని చిన్న విల్లుతో ఏకి, మబ్బులాగ పొంగించి, ఏకులు చుట్టి, అవి నలక్కుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఎక్కువగా పట్టుసాలీల ఇళ్ళలో ఆడవాళ్ళే ఈ పని చేస్తారు. నూలు అక్కణ్ణుంచి మగ్గాల ఇళ్ళకి వెళుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఖాదీలో చిలప అంటే వెయ్యి మీటర్లు. 100 కౌంటులో ఆ వెయ్యి మీటర్ల చిలప ఆరు గ్రాములు కూడా తూగదు. కిలో నూలు కావాలంటే 169 కిలోమీటర్ల పోగు వడకాలి. పొందూరు నుంచి విశాఖపట్నం దాకా పరిచినా ఇంకా మిగిలిపోతుంది. అదంతా ఒక కదురు మీద, ఒక చేతి రెండు వేళ్ళ మధ్య సాగాలి. ఎక్కడ పల్చబడ్డా తెగుతుంది, ఎక్కడ చిక్కబడ్డా కౌంటు పడిపోతుంది.

షావుకారు: చెయ్యెత్తి దండం పెట్టవలసిన పనే. కానీ దండం వేరు, ధర వేరు. కష్టం ఎక్కువైనంత మాత్రాన సరుకు విలువ పెరిగిపోదు. మా తాతలనాటి నుంచి మన పల్లెల్లో ముసలమ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే చుట్ట చేత్తో చుట్టిందే. క్యూబాలో కొహీబా అని ఒక చుట్టుంది, అదీ చేత్తో చుట్టిందే. 1966లో ఫిడెల్ కాస్ట్రో కోసం హవానాలో ఎల్ లగీటో అనే చోట తయారు చేయించడం మొదలెట్టారు. చాలా కాలం దేశాధినేతలకి కానుకగానే ఇచ్చి, 1982లో బజారుకి వదిలారు. 2022లో ప్రపంచమంతటా దాని ధరని హాంకాంగ్ ధరకి సమానం చేశారు. దాంతో చాలా దేశాల్లో ధర ఒక్కసారిగా ఎగిరిపోయింది. ఆకు మారలేదు, చుట్టే చెయ్యీ మారలేదు. మారింది ధరొక్కటే. దాని చుట్టూ కాస్ట్రో కథ ఉంది, క్యూబా సరుకు మీద అమెరికా 1962లో పెట్టిన నిషేధం కథ ఉంది. పొందూరు చుట్టూ గాంధీగారి కథ ఉంది, వినోబా కథ ఉంది, అక్కినేని నాగేశ్వరరావుగారి తెల్ల పంచె ఉంది. ఆ కథల ఖరీదు కూడా కొనేవాడి బిల్లులోకి వస్తోందంటాను.

మేస్టారు: మీరు తెచ్చిన పోలికలో రెండు చిక్కులున్నాయి. పొగాకు పక్షాన మాత్రం నేను మాట్లాడను. ఆ అడ్డపొగ వల్ల మన ఆడవాళ్ళ అంగిట్లో పుండ్లు పడి, అవి క్యాన్సరుకి దారితీస్తాయని శ్రీకాకుళం పల్లెల్లోనే ఇంటింటికీ తిరిగి 1970ల నాటికే తేల్చారు. ఆ సంగతి పక్కన పెడితే, కొహీబా ఆకూ మన చుట్ట ఆకూ ఒకటి కాదు. క్యూబాలో వుయెల్టా అబాహో అనే చోట పండి, అందులో రెండు రకాల ఆకు పీపాల్లో మూడోసారి మగ్గితే గానీ అది చుట్టలోకి వెళ్ళదు. చేతిపని ఒకటే కదా అని రెండింటికీ ఒకే ధర కట్టలేం. ఇది మొదటి చిక్కు.

రెండోది అసలైనది. కొహీబా ధర పెంచింది అమ్మే కంపెనీ. కొనగలవాడున్నాడని తెలిసి పెంచింది. పొందూరులో ధర అలా పెట్టరు. ఖాదీ కమిషన్ దగ్గర ఖర్చుల పట్టిక ఉంటుంది. పత్తికింత, వడికినందుకింత, నేసినందుకింత, సంస్థ నడిపినందుకింత అని కట్టి, ఆ ఖర్చుల లెక్క మీద ధర వేస్తారు. గాంధీగారి పేరుకి ఇంత అని అందులో గడి లేదు. 1949లో పుట్టిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం కట్టే ధరకి ఆ ఖర్చులే ఆధారం.

షావుకారు: పట్టిక ఉన్నంత మాత్రాన ధర న్యాయమైపోయిందా? పట్టికలో సంస్థ నడిపినందుకింత అన్నారే, ఆ గడి సంగతే అడుగుతున్నాను. గోడౌను, గుమస్తాలు, నిలవున్న సరుకు మీద బ్యాంకు వడ్డీ, సర్కారు నుంచి రావలసిన డబ్బు ఆలస్యమైతే దాని నష్టం, ఇవన్నీ ఎవరు మోస్తున్నారు? పంచె కొనేవాడే. నా కొట్లో గుమాస్తా పనిమంతుడు కాకపోతే నష్టం నాది. అక్కడ నష్టాన్ని ధరలో కలిపేస్తారు.

ఇంకోటి. ప్రతి అక్టోబరులో గాంధీ జయంతికి ఖాదీ దుకాణాల్లో తగ్గింపు పెడతారు. జనం పదకొండు నెలలు ఆగి అప్పుడే కొంటారు. అక్టోబరు ధరే సరైనదైతే మార్చిలో ఇచ్చింది ఎక్కువ. మార్చి ధరే సరైనదైతే అక్టోబరులో ఎవరికో అన్యాయం జరుగుతోంది. వ్యాపారంలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఏటా ఒకే నెలలో తగ్గే ధరని జనం ఎప్పుడూ నమ్మరు.

మేస్టారు: తగ్గింపు విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఖద్దరు అంటే తగ్గింపులో కొనేది అని మూడు తరాలకి అలవాటు చేశాం. 2010లో కొనేవాడికిచ్చే రిబేటు తీసేసి మార్కెట్ డెవలప్‌మెంట్ అసిస్టెన్స్ అని తెచ్చారు. అందులో ఒక వాటా వడికేవాళ్ళకి, నేసేవాళ్ళకి చేరాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిది. కానీ తగ్గింపు బోర్డులు పోలేదు, కొనేవాడి చూపూ మారలేదు. సంస్థల నడక గురించి కూడా మీతో వాదించను. ఏ సంస్థ నష్టమైనా వడికే మనిషి నెత్తిన పడకూడదు, కొనే మనిషి నెత్తినా పడకూడదు.

షావుకారు: మరి నకిలీ సంగతి? పవర్‌లూమ్ గుడ్డకి కాస్త గంజి దట్టించి, నూలు కొద్దిగా గరుగ్గా ఉండేటట్టు చూసి, పొందూరు అని అమ్మేస్తున్నారు. నేను గుడ్డల మధ్యే పుట్టి పెరిగినవాణ్ణి. పడుగు విడదీసి పోగు తెంపి చూస్తే గానీ నాకే తెలీదు. విశాఖలోనో హైదరాబాదులోనో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? ఖాదీ మార్కు నిబంధనలు 2013లో వచ్చాయి, సరే. మార్కు ఉన్న దుకాణం దొరకని చోట జనం పేరు చూసి కొంటున్నారు. అసలుకో నకిలీకో తెలియకుండా వేలు పెట్టాలంటే, అది గుడ్డ ధర కాదు మేస్టారూ, జూదం ధర.

మేస్టారు: అవును. ఆ దెబ్బ తగులుతున్నది అసలు గుడ్డకే. ఒకసారి మోసపోయినవాడు రెండోసారి పొందూరు పేరు వింటే మొహం తిప్పేసుకుంటాడు. అలా పోయిన బేరాలు ఏ పట్టికలోకీ ఎక్కవు. మీరు దీన్ని ధర ఎక్కువనడానికి చూపిస్తున్నారు. ఆ గుడ్డకి రావలసిన విలువ రాకపోవడానికి ఇదొక కారణమని నేను చూపిస్తాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ధర ఎక్కువ కాదు, తక్కువ. ఎంత తక్కువంటే, ఆ లోటుని ఎవరో ఒకరు తమ ఒంటితో పూడుస్తున్నారు. దేశమంతా చర్ఖా మీద చిలపకి ఖాదీ కమిషన్ ఇచ్చే కూలి 2023 మార్చి దాకా 7 రూపాయల 50 పైసలు. ఆ ఏప్రిల్లో పది చేశారు, 2024 అక్టోబరులో పన్నెండున్నర, 2025 ఏప్రిల్లో 15. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. చిలపకి 15 చొప్పున ఆ 307 రావాలంటే ఇరవై కిలోమీటర్ల పైన నూలు తియ్యాలి. ఎనిమిది కదుళ్ళ చర్ఖా మీద అదెలాగో సాధిస్తారు. ఒంటి కదురు మీద కుదరదు. అందుకే పొందూరు సన్న నూలుకి లెక్క వేరుగా ఉంటుంది. అలా వేరుగా కట్టినా రోజంతా వంగి కూర్చుంటే మట్టి పనికి వెళ్ళినంత రావడం లేదన్నది అక్కడ వడికే ఆడవాళ్ళ మాట. చెరువు మట్టి మొయ్యడం కష్టమైన పని, కాదనను. అయితే ఆ పని నేర్వడానికి పదేళ్ళు పట్టదు. పొట్టి పింజలోంచి నూరో కౌంటు తీసే చెయ్యి తయారవ్వాలంటే చిన్నతనంలోనే మొదలవ్వాలి.

వాళ్ళకి ఉపాధి కూలితో సమానంగా ఇస్తే పంచె ధర ఎక్కడికి పోతుందో మీరే వెయ్యండి లెక్క. ఇప్పుడు మీరిచ్చే ధరలో మిగిలినదంతా వాళ్ళ వేళ్ళలోంచి, వాళ్ళ కళ్ళలోంచి వస్తోంది.

షావుకారు: సరే, మీ మాటే తీసుకుంటాను. ధర తక్కువ, పెంచాలి. పెంచాక కొనేదెవరు? ఇప్పుడే నలుగురు పెద్దమనుషులు, రాజకీయాల్లో వాళ్ళు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళు కొంటున్నారు. ఇంకా పెంచితే వాళ్ళలోనూ సగం మంది జారుకుంటారు. అప్పుడు ఆ రాట్నం ఆగిపోతుంది. మీరు న్యాయమైన కూలి అంటున్నారు, నేను కూలి అనేది మిగలాలి కదా అంటున్నాను.

ఇంకో మాట చెబుతాను, నొచ్చుకోకండి. పొందూరు వెళ్ళి చూశాను. ఆ రాట్నం ముందు కూర్చున్న మామ్మ ఒంటి మీద ఉన్నది పాలియెస్టర్ చీర. తను వడికిన నూలు తను కట్టుకోలేదు. ఖద్దరు పేదవాడి గుడ్డ కావాలని గాంధీగారు మొత్తుకున్నారు కదా. వడికినవాళ్ళు కట్టుకోలేనిది, ఊళ్ళో టీచరు నాలుగేళ్ళకోసారి కొనేది, సినిమావాళ్ళు ఫంక్షన్లకి కట్టేది, దాన్ని పేదవాడి గుడ్డని ఎలా అంటారు? అది ఖరీదైన వస్తువు. ఖరీదైన వస్తువుని ఖరీదైన వస్తువులాగే అమ్మండి, కొహీబా వాళ్ళలాగ పెట్టె చేసి, చీటీ వేసి, నంబరిచ్చి. లేదూ, పేదవాడి గుడ్డే అంటారా, అయితే ధర దించండి. రెండు పడవల్లో కాళ్ళు పెట్టి మధ్యలో కొనేవాణ్ణి దేశభక్తి పేరు చెప్పి అడగొద్దు.

మేస్టారు: మీరన్న ఆ చీర మాట నన్ను కొన్నేళ్ళుగా పీడిస్తోంది. దానికి నా దగ్గర జవాబు లేదు. గాంధీగారు తన పత్రిక యంగ్ ఇండియాలో పొందూరు నూలు గురించి రాశారు, ఇక్కడి పని చూసి రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పంపారు. 1955లో వినోబా వచ్చి సంఘం భవనానికి పునాదిరాయి వేశారు. వాళ్ళంతా మనసులో పెట్టుకున్నది ఆ రాట్నం ముందున్న మనిషిని. ఆ మనిషికి తిండి, గుడ్డ, మర్యాద ఇస్తుందనే ఖద్దరుని నమ్మారు. ఇప్పుడు ఆ మనిషి మాత్రం లెక్కలోంచి జారిపోయింది. ఇది ఒప్పుకుంటాను.

కానీ ధర దించండి అన్న మాట ఒప్పుకోను. ధర దించడానికి మిగిలింది ఆవిడ కూలే. అందులోంచి కోస్తే ఇక ఆ ఇంట్లో రాట్నం ఉండదు. ఇప్పటికే వడికేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళు. కూతుళ్ళు టైలరింగుకి వెళ్తున్నారు, నర్సింగుకి వెళ్తున్నారు, విశాఖలో షాపుల్లో నిలబడుతున్నారు. వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

షావుకారు: నా కూతురైనా అదే చేస్తుంది.

మేస్టారు: చేస్తుంది. అందుకే ఢాకా గుర్తుచేస్తున్నాను. ఢాకా మస్లిన్ పత్తిని కూడా ఇదే జాతి చేప దవడతో దువ్వేవారు. వాళ్ళు బోయాల్ అంటారు, మనం వాలుగ అంటాం. ఆ పని అక్కడ పూర్తిగా పోయింది. నేత పోయింది, ఆ పత్తి మొక్క కూడా కంటికి కనబడకుండా పోయింది. ఈ మధ్య బంగ్లాదేశ్ వాళ్ళు పాత వస్త్రాలు, పాత చిత్రాలు వెతికి, మొక్కని పోల్చుకుని, వడికే చేతుల్ని మళ్ళీ మొదటినుంచి తయారుచేసుకున్నారు. ఒక ప్రభుత్వం పూనుకుంటే గానీ సాధ్యం కాలేదు. మనకింకా పోలేదు. పత్తుంది, దవడుంది, చెయ్యుంది. ఒకప్పుడు చికాకోల్ మస్లిన్ అని మన శ్రీకాకుళం గుడ్డ పేరు ఓడలెక్కి వెళ్ళేది. అప్పటికి గాంధీగారు పుట్టలేదు, సినిమా లేదు. ఏ కథా చుట్టుకోక ముందే ఈ నేల గుడ్డకి ధర పలికింది. కథ ఖరీదు కడుతున్నామన్నారు కదా మీరు, దానికి నా జవాబు అది.

షావుకారు: పలికింది, నిజమే. తర్వాత ఇంగ్లండు నుంచి లాంకషైర్ మిల్లు గుడ్డ దిగేసరికి ఆ ధర పడిపోయింది. అప్పుడు కొన్నవాళ్ళకీ అది మంచి గుడ్డని తెలుసు. తెలిసీ చౌక గుడ్డ కొన్నారు. జనం ఎప్పుడూ అలాగే కొంటారు మేస్టారూ. నేను వాళ్ళని మార్చలేను, మీరూ మార్చలేరు.

మేస్టారు: ఆ పతనానికి చౌక ఒక్కటే కారణం కాదు. మన గుడ్డ మీద ఇంగ్లీషువాళ్ళు సుంకాలు వేశారు, వాళ్ళ గుడ్డకి ఇక్కడ దారి వేసుకున్నారు. అది బజారు తీర్పు అనడానికి లేదు.

పోనీ, మీ కొట్లోనే చూడండి. బ్రాండ్ చొక్కా రెండు వేలకి అమ్ముతారు. దానికి నూలు ఎక్కడిది, కుట్టిన మనిషికి ఎంతిచ్చారు అని ఒక్కడైనా అడిగాడా? పొందూరు దగ్గరకి వచ్చేసరికి ప్రతి రూపాయికీ లెక్క అడుగుతాం. పల్లెటూరి ఆడమనిషి చేతిపని అనేసరికి మన మనసులో దానికి ముందే ఒక తక్కువ రేటు ఉంటుంది. ధర ఎక్కువనిపించేది ఆ రేటుతో పోల్చుకున్నప్పుడే. మీరు కాదంటారేమో గానీ, నేను చూసినంతవరకు ఇదే నిజం.

షావుకారు: కాదనను. నేనూ అలాగే లెక్కపెడతాను, బేరం అలవాటు మరి. అయినా ఒకటి అడుగుతాను. బ్రాండ్ చొక్కా కొన్నవాడికి సైజు ఉంటుంది, రంగు పోదని హామీ ఉంటుంది, నచ్చకపోతే మార్చుకుంటాడు. పొందూరు గుడ్డ కొన్నవాడికి ఏటిస్తున్నారు? ఎంత బిగుస్తుందో చెప్పరు, ఎలా ఉతకాలో చెప్పరు. అంత గొప్ప చెయ్యి వడికిన నూలుని ఒక రబ్బరు స్టాంపు కొట్టి మడతపెట్టి ఇచ్చేస్తారు. ఎవరు వడికారో, ఎవరు నేశారో ఎక్కడా ఉండదు. మీరు నాకు చెప్పినంతసేపూ నేను విన్నది చేప దవడ గురించి, అరటి డొప్ప గురించి, 169 కిలోమీటర్ల పోగు గురించి. అది బిల్లు మీద ఒక్క ముక్కయినా ఉందా? లేదు. తెలియని దానికి జనం డబ్బు పెట్టరు. పెట్టకపోతే అది వాళ్ళ తప్పు కాదు.

మేస్టారు: బిల్లు మీద ఏముండాలంటారు?

షావుకారు: ఈ పంచె ధర ఇంత. అందులో పత్తికింత, వడికినావిడకి ఇంత, నేసినాయనకి ఇంత, సంస్థకి ఇంత. పట్టిక ఉందన్నారు కదా, ఆ పట్టికే గుడ్డకి కట్టండి. ఖాదీ మార్కు పక్కన వడికిన ఊరి పేరు రాయండి. అప్పుడు ధర ఎక్కువో తక్కువో కొనేవాడే తేల్చుకుంటాడు. వడికినావిడ గడి చూసి సిగ్గుపడేవాడు ఇంకో వంద ఇస్తాడు. సంస్థ గడి చూసి కోపం వచ్చినవాడు అడుగుతాడు. రెండూ మంచిదే. ఆ చీటీ ఉంటే నా కొట్లో ఒక అర ఖాళీ చేసి పొందూరు గుడ్డ పెడతాను, తగ్గింపు లేకుండా అమ్ముతాను. ఎంతమంది కొంటారో మాత్రం నేను హామీ ఇవ్వలేను. చాలామంది చూసి మిల్లు పంచే పట్టుకెళ్తారని నా అనుమానం.

మేస్టారు: నా అనుమానం వేరు. అయినా అది మనిద్దరం తేల్చేది కాదు. ఈసారి పొందూరు గుడ్డ ఎక్కడ కొన్నా ఖాదీ మార్కు చూడండి, అక్టోబరు దాకా ఆగకండి. డబ్బు ఇచ్చే ముందు, ఇందులో వడికినావిడకి ఎంత వెళ్తుందని అమ్మేవాణ్ణి అడగండి.